అడగకుండా తీసుకున్న దరువు

నా కుడిచేతి ఉంగరపు వేలు మొదటిసారి నన్ను వదిలేసింది గురజాలలో, ఒక పగటి పెళ్లిలో.

అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా నరసరావుపేటలో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, తిరునాళ్లలో ప్రభల ముందు పాటలు, ఏది వస్తే అది. ఆ రోజు భోజనాలు నడుస్తున్నాయి. వినేవాళ్లు తక్కువ, విస్తళ్ల దగ్గర సందడి ఎక్కువ. పాడుతున్న పాట చరణానికి ముందు గబగబా పైకి పోయే స్వరాల వరస ఒకటుంది. వందలసార్లు వాయించిందే. ఆ వరస మధ్యలో ఉంగరపు వేలు మెట్టు మీదికి వెళ్లకుండా అరచేతిలోకి ముడుచుకుపోయింది. దాని వెంటే చిటికెన వేలు కూడా. రెండు స్వరాలు మాయమయ్యాయి. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. ఎవరో లోపలినుంచి దారం పట్టి లాగినట్టు ఉంది, అంతే.

నా పక్కన డోలక్ వాయించే మనిషి ఆ ఖాళీ విన్నాడు. తల తిప్పలేదు. సరిగ్గా ఆ రెండు స్వరాలు రావలసిన చోట ఎడమచేత్తో దరువు కాస్త గట్టిగా వేశాడు. పాట నడిచిపోయింది.

అతనికి నరసరావుపేటలో మోటార్ల వైండింగు షాపు ఉంది. పొలాల్లో కాలిపోయిన నీళ్ల మోటార్లు విప్పి కొత్త రాగి తీగ చుట్టడం అతని పని. డోలక్ వాళ్ల నాన్న నేర్పింది. నేను అతన్ని భాయ్ అంటాను, అతను నన్ను బావా అంటాడు. ఆర్కెస్ట్రాలో చేరిన మొదటి నెల నుంచీ మా పిలుపులు అవే.

తిరుగు ప్రయాణంలో వ్యానులో నా పక్కనే కూర్చుని, వేరే ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"చెయ్యికేమయింది బావా?"

"ఏం కాలేదు. నిద్ర లేదు."

"సరే" అన్నాడు. ఇంక అడగలేదు.

తర్వాత ఏడాదిపాటు దాచుకున్నాను. కష్టమైన వరసలు ఎడమచేతికి మార్చుకున్నాను. కొన్ని పాటలు వద్దని తప్పించాను. వేలు ముడుచుకున్న ప్రతిసారీ భాయ్ ఆ చోటును దరువుతో నింపేవాడు. మేమిద్దరం దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. కానీ స్టేజీ ఎక్కే ముందు అతను నా చేతివైపు ఒకసారి చూసేవాడు. ఆ చూపు నాకు భరించరానిదైంది. జాలి అనుకున్నాను.

గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నాచేత పేరు రాయించాడు, చొక్కా గుండీలు పెట్టించాడు, చెంచా పట్టించాడు. అన్నీ బాగానే చేశాను. తర్వాత బల్ల మీదే కీబోర్డు ఉందనుకుని వాయించమన్నాడు. మూడో స్వరానికి వేలు ముడుచుకుంది.

"వేలికి ఏ జబ్బూ లేదండీ" అన్నాడు. "ఏళ్ల తరబడి ఒకే పని చేసిన చేతికి మెదడు పంపించే కబురు కలగాపులగమవుతుంది. ఆ పని చేసేటప్పుడే వస్తుంది, మిగతా పనులకు రాదు."

"తగ్గుద్దా సార్?"

"కొందరికి కొంత తగ్గుతుంది. కొన్నాళ్లు కీబోర్డు జోలికి పోకండి."

ముంజేతికి ఒక ఇంజక్షన్ ఇచ్చారు. దానితో వేలు బలహీనపడింది గాని ముడుచుకోవడం మానలేదు. ఆర్కెస్ట్రాలో చెప్పకుండా ఉండలేని రోజు వచ్చింది. చెప్పాక వాళ్ల ముఖాల్లో బాధకంటే అనుమానం ఎక్కువ కనిపించింది. అన్నం తింటున్నాడు, బండి నడుపుతున్నాడు, కీబోర్డు ముందు కూర్చుంటేనే రోగమా అని ఒకరిద్దరు అనుకున్నారు. నేను వేరే జట్టు కట్టబోతూ నాటకమాడుతున్నానని కూడా అన్నారట. ఎవరూ పొమ్మనలేదు, నేనే మానేశాను. కీబోర్డు గుడ్డ కప్పి అలమరా మీద పెట్టాను. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. పొద్దున్నే ఆమె వెళ్లిపోయేది. నేను ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని అద్దంలో చూసినట్టు నా చేతిని చూసుకునేవాణ్ణి. ఆరు నెలలు అలాగే గడిచాయి.

నాదెండ్లలో మా అన్న కూతురు ఉంటుంది. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, ఇంటి నుంచే చేస్తుంది. ఏదో పనిమీద అక్కడికి వెళ్లినప్పుడు, మధ్యాహ్నం దాని పని అయ్యేదాకా పక్కన కుర్చీలో కూర్చున్నాను. అది వేగంగా టైపు చేస్తుంటే నాకు తెలియకుండానే దాని వేళ్లవైపు చూస్తున్నాను.

"బాబాయ్, నీకు టైపు వచ్చా?" అని అడిగింది.

"డిగ్రీ చదివేటప్పుడు లోయరు పాసయ్యానే."

"ఇదుగో, కొట్టు చూద్దాం."

కొట్టాను. ఉంగరపు వేలు ఒక అక్షరం మీదికి వెళ్లింది, తిరిగి వచ్చింది. మళ్లీ వెళ్లింది. పది నిమిషాలు కొట్టాను. ఒక్కసారి కూడా ముడుచుకోలేదు. సంగీతం మెట్ల మీద పనికిరాని చెయ్యి అక్షరాల మెట్ల మీద శుభ్రంగా పనిచేస్తోంది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. లేచి పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి అది ఏదో వెతికి పెట్టింది. ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాం. అందులో పాటను వాయించరు, రాస్తారు. 'ప్లే' అని రాసి పక్కన అరవై అని వేస్తే ఒక స్వరం మోగుతుంది. దాన్ని షడ్జం అనుకుంటే రిషభం అరవై రెండు, గాంధారం అరవై నాలుగు, మధ్యమం అరవై అయిదు. 'స్లీప్' అని రాస్తే చెప్పినంతసేపు ఊరుకుంటుంది. వరస రాసి చుట్టూ లూపు కడితే ఆపమనేదాకా తిరుగుతూనే ఉంటుంది. అన్నిటికంటే నన్ను పట్టేసిన సంగతి, మోగుతున్న పాటను ఆపకుండానే దాని రాత మార్చవచ్చు. మార్చి మీట నొక్కితే తర్వాతి ఆవర్తం నుంచి కొత్త రాత మోగుతుంది. కొన్ని దేశాల్లో దీన్ని కచేరీగానే చేస్తారట. రాసేది వెనక తెర మీద జనానికి కూడా కనపడుతుందట.

"అంటే స్టేజీ మీద కూర్చుని రాయటమేనా?"

"రాయటమే వాయించటం బాబాయ్. తప్పు రాస్తే అందరికీ కనపడుద్ది, అది కూడా చూసుకో."

వారానికి రెండు రోజులు నాదెండ్ల వెళ్లేవాణ్ణి. మిగతా రోజులు దాని పాత ల్యాప్‌టాప్ మా ఇంట్లో. నేర్చుకోవడం అవమానంగానే సాగింది. ఒక కామా మరిచిపోతే ఎర్ర అక్షరాలు. లూపులో స్లీప్ మరిచిపోతే ఎర్ర అక్షరాలు. లూపు చివర 'ఎండ్' లేకపోతే మళ్లీ అవే. వాటిలో ఉన్న ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. పాతికేళ్లు నిండిన పిల్ల నా పక్కన కూర్చుని, "ముందు చదువు బాబాయ్, చదవకుండా చెరిపేస్తావేంది" అని విసుక్కునేది. రెండోసారి చెప్పించుకోవడం నాకు చిన్నతనంగా ఉండేది. అర్థమైందని తల ఊపి, ఇంటికొచ్చి మధ్యాహ్నమంతా అదే తప్పు చేసేవాణ్ణి.

నాలుగైదు నెలలకు చేతికి వచ్చింది. స్వరాలు వచ్చాయి, తాళం వచ్చింది. కానీ ఆ తాళం నాకే నచ్చలేదు. ప్రోగ్రాంలో ఉన్న డ్రమ్ము శబ్దాలు రేకు మీద గులకరాళ్లు వేసినట్టుండేవి. ప్రతి దెబ్బా ఒకటే కొలత, ఒకటే బరువు. ఇరవై ఏళ్లకు పైగా ఒక మనిషి పక్కన కూర్చుని వాయించిన చెవికి అది తాళంలాగా లేదు.

"మంచి శబ్దం రికార్డు చేసుకుంటే దాన్నే వాడొచ్చు" అంది మా అన్న కూతురు. "ఒక్కో దెబ్బ విడివిడిగా కావాలి. ఎవరన్నా డోలక్ వాయించేవాళ్లు తెలుసా?"

తెలుసు అన్నాను.

శుక్రవారం నమాజుకని భాయ్ షాపు కట్టేస్తాడు, తిరిగొచ్చినా సాయంత్రం దాకా పని మొదలుపెట్టడు. ఆ మధ్యాహ్నం మైకు, ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లాను. నన్ను చూసి అతని ముఖం విప్పారింది. నేను ఆర్కెస్ట్రా మానేశాక రెండు మూడుసార్లు ఇంటికొచ్చాడు. నేనే సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు నేనే వెతుక్కుంటూ వచ్చాను.

"ఏందిది బావా, మైకులూ అవీ?"

"ఊరికే భాయ్. నీ డోలక్ రికార్డు చేసి దాచుకుందామని."

"దాచుకోడానికి నాదేముంది?" అన్నాడు నవ్వుతూ. కానీ సంతోషించాడు. షట్టరు సగం దించాడు, బయట ఆటోల శబ్దం రాకుండా. డోలక్ తాళ్లు బిగించి, వేలితో మీటి చూసి, మళ్లీ బిగించాడు. ఒక్కో దెబ్బ విడిగా కావాలంటే అతనికి వింతగా ఉంది. "ఒక్క మాటని ముక్కలు చేసి చెప్పమన్నట్టుంది" అన్నాడు. అయినా చేశాడు. మెల్లగా, గట్టిగా, అంచు మీద, నడిమధ్య. రెండు గంటలు పట్టింది. చెమటకు బనియను తడిసిపోయింది.

అంతా అయ్యాక అన్నాడు. "ఇంకోటుంది. మా నాయన దెబ్బ. అరచేతి మడమ ఆనించి, కొట్టినాక లోపలికి జరిపి, శబ్దం పూర్తిగాక ముందే నొక్కెయ్యాల. ఆర్కెస్ట్రా పాటల్లో దానికి చోటు లేదు, అందుకే నువ్వు ఇని ఉండవు."

వాయించాడు. లోతుగా మొదలై, పైకి ప్రశ్నలా లేచి, సగంలో ఆగిపోయింది. నాలుగుసార్లు వాయించి, నాలుగోది బాగుందన్నాడు. టీ తెప్పించాడు. ఇంత దేనికని మళ్లీ అడగలేదు. చెప్పడానికి నాకు రెండు గంటల సమయం ఉంది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని చాలాసార్లు తరచి చూసుకున్నాను. అప్పటికి కచేరీ ఏదీ లేదు, చెప్పడానికేముంది అనుకున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అది నిజం కాదు. చెబితే అతను నేనూ వస్తానంటాడు. వస్తే మళ్లీ నా పక్కన కూర్చుంటాడు. స్టేజీ ఎక్కే ముందు నా చేతివైపు చూస్తాడు. ఇన్నాళ్ల తర్వాత నేను ఎవరి ఆసరా లేకుండా నిలబడగలనని జనానికి చూపించాలని ఉంది నాకు. అతని దెబ్బలు కావాలి, అతను అక్కర్లేదు. ఇంత మొరటుగా అప్పుడు అనుకోలేదు గాని, చేసింది మాత్రం అదే.

ఆ ఏడు నరసరావుపేట దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో వార్షికోత్సవానికి పిలుపు వచ్చింది. అక్కడి లెక్చరరు ఒకాయన నా పాత కచేరీలు విన్నవాడు. తన దగ్గర చదివిన మా అన్న కూతురి నోట ఈ సంగతి తెలుసుకుని ఫోన్ చేశాడు. పిల్లలకు కొత్తగా ఉంటుందన్నాడు.

"మీవాళ్లు ఎంతమంది వస్తారు సార్?" అని ఆయన అడిగాడు.

"నేనొక్కణ్ణే."

"మరి తాళం?"

"కంప్యూటర్లోనే ఉందండీ."

ఆ కాలేజీలో భాయ్ కూతురు రెండో సంవత్సరం చదువుతోందని నాకు తెలుసు. తల్లిదండ్రుల్ని కూడా పిలుస్తారని తెలియదు. తెలిసినా, షాపు వదిలి అతను రాడనుకునేవాణ్ణేమో.

మధ్యాహ్నం మూడింటికి నా వంతు వచ్చింది. పెద్ద హాలు, కిటికీలకు నల్ల గుడ్డలు కట్టారు. వెనక తెర మీద నా రాత పెద్దపెద్ద అక్షరాల్లో పడుతోంది. మొదటి వరస రాసి మీట నొక్కాను. శ్రుతి మొదలైంది. దాని మీద నాలుగు స్వరాలు. పిల్లలు మొదట గుసగుసలాడారు, తర్వాత తెర చదవడం మొదలుపెట్టారు. నేను అంకె మారిస్తే, మీట నొక్కక ముందే ఏమవుతుందో ఊహించి అరుస్తున్నారు. ఒకచోట 'ఎండ్' మరిచాను. ఎర్ర అక్షరాలు తెరంతా పరుచుకున్నాయి. పాత లూపు మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది. "ఎండ్ సార్, ఎండ్" అని ముందు వరసలో ఎవరో అరిచారు. దిద్దాను. చప్పట్లు కొట్టారు. ఎన్నాళ్ల తర్వాతో స్టేజీ మీద నాకు ఊపిరి సరిగ్గా ఆడింది.

అప్పుడు డోలక్ తెచ్చాను. భాయ్ దెబ్బలు ఒక్కొక్కటీ పెద్ద స్పీకర్లలోంచి వచ్చాయి. హాలు ఊగిపోయింది. ఆ ఊపులో, అనుకున్న దానికంటే ముందే, వాళ్ల నాయన దెబ్బ వేశాను. ప్రతి ఆవర్తం చివరా అది ప్రశ్నలా లేచి ఆగిపోతోంది.

తలెత్తి చూశాను. అయిదో వరసలో తెల్లచొక్కాతో భాయ్ కూర్చుని ఉన్నాడు. పక్కన కూతురు నవ్వుతూ తండ్రి చెవిలో ఏదో చెబుతోంది. అతను ఆమెవైపు చూడటం లేదు. స్పీకరువైపు చూస్తున్నాడు. ఆ దెబ్బ మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది. ఒకే దెబ్బ, నాలుగోసారి వాయించినది, బాగుందని అతనే చెప్పినది. దాన్ని ఆపాలంటే ఒక్క అక్షరం చెరిపితే చాలు. చెరిపితే జనం ఊపు పోతుందని చెరపలేదు. మూడు నిమిషాలు అలాగే నడిపాను.

అయిపోయాక పిల్లలు స్టేజీ మీదికి ఎక్కి వచ్చారు. భాయ్ కూర్చున్న చోటు నుంచి చప్పట్లు కొట్టడం చూశాను. నేను కిందికి దిగేసరికి అక్కడ లేడు.

పదకొండు రోజులు షాపు వైపు వెళ్లలేదు. ఆ రోడ్డు తప్పించి, కోర్టు వెనక నుంచి చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. ఫోన్లు వచ్చాయి. ఇంకో రెండు కాలేజీల నుంచి అడిగారు. మా ఆవిడ ఒక పొద్దున టిఫిన్ పెడుతూ, "అన్నయ్య దగ్గరికి పోయొచ్చారా?" అంది. భాయ్‌ని ఆమె అన్నయ్య అంటుంది. లేదన్నాను. "మీరు రాలేదని వదిన ఫోన్ చేసింది. ఏం చెప్పమంటారు?" అంది. ఆ రోజే వెళ్లాను.

భాయ్ స్టూలు మీద కూర్చుని ఒక మోటారుకు తీగ చుడుతున్నాడు. చుట్లు లెక్క పెట్టుకునేటప్పుడు మాట్లాడడు. నేను ఎదుటి బల్ల మీద కూర్చున్నాను. లెక్క పూర్తయ్యాక, తీగ కొస మడిచి, తలెత్తకుండానే అన్నాడు.

"కచేరీ బాగా చేశావు."

"భాయ్..."

"మా నాయన దెబ్బ గూడా ఏశావుగా."

అతను కింద పడ్డ తీగ ముక్కలు ఏరి డబ్బాలో వేశాడు.

"అడిగితే ఇవ్వనా బావా? పిలిస్తే రానా? పిలవలేదు, సరే, నీకేదో ఉండుద్దిలే అనుకున్నా. కానీ ఊరికే దాచుకుంటానని చెప్పావు చూడు, అది మాత్రం మింగుడు పడటం లేదు. నా బిడ్డ పక్కన కూర్చోని, నాన్నా ఎంత బాగుందో చూడు అంటది. అది నా చెయ్యేనమ్మా అని చెప్పలేకపోయినా. చెప్తే మరి మామయ్య నిన్నెందుకు పిలవలేదు నాన్నా అంటది కదా."

అప్పుడు చెప్పాను. దాచినదంతా చెప్పాను. స్టేజీ ఎక్కే ముందు అతను నా చేతివైపు చూసే చూపు గురించి, వేలు ముడుచుకున్న ప్రతిసారీ అతను నన్ను మోస్తున్నాడని నాకు అనిపించడం గురించి. మాటలు సరిగ్గా రాలేదు. విన్నాడు.

"నిన్ను మొయ్యటానికి కాదు బావా నేను గట్టిగా కొట్టింది" అన్నాడు. "పాట పడిపోకూడదని. నా దెబ్బ తప్పినప్పుడు నువ్వేం చేసేవాడివో గుర్తు లేదా? నువ్వు ఎడంచేత్తో పట్టుకునేవాడివి. నేను ఒక్కసారన్నా ఏమన్నా అనుకున్నానా?"

నిజంగా నాకు గుర్తు లేదు. అతను తప్పిన సందర్భాలు, నేను ఆదుకున్నవి, ఒక్కటీ గుర్తు రాలేదు. నా చెయ్యి ఒక్కటే గుర్తుంది.

"తీసెయ్యమంటావా భాయ్ అయ్యన్నీ?"

"నన్నడగమాక. అప్పుడు అడగలేదుగా, ఇప్పుడు గూడా అడగమాక."

ఇంటికి వచ్చి ఆ రికార్డులన్నీ చెరిపేశాను. తర్వాత నాదెండ్లకు ఫోన్ చేసి చెప్పాను. మా అన్న కూతురికి కోపం వచ్చింది. "ఆయన్ని నమ్మించి తెచ్చింది తప్పు బాబాయ్. చెరిపితే ఆయనకి ఏం ఒరిగింది? నీకు తేలిగ్గా ఉంటదని చెరిపావు" అంది. కాదనలేకపోయాను. నిజానికి తేలిగ్గా కూడా లేదు. వాళ్ల నాన్న దెబ్బకు ఉన్న ఒకే ఒక్క రికార్డు అది. దాన్ని భాయ్‌కి ఇచ్చి ఉండవచ్చు. ఆ ఆలోచన చెరిపేసిన తర్వాత వచ్చింది.

అడిగిన రెండు కాలేజీలకూ రానని చెప్పాను. ఆర్నెల్లు గడిచాయి. ప్రోగ్రాం మాత్రం వదల్లేదు. నాకు ఒకటే పట్టుకుంది, ఈ యంత్రం మనిషి కోసం ఆగేట్టు చెయ్యగలనా అని. మామూలుగా అది ఎవరి కోసమూ ఆగదు. దాని వేగం ముందే రాసి ఉంటుంది, పక్కన వాయించేవాడే దాని వెంట పడాలి. మా అన్న కూతురు ఒక కాలిమీట తెప్పించి ల్యాప్‌టాప్‌కు తగిలించింది. నేను కాలితో తొక్కిన రెండు దెబ్బల మధ్య ఎంత ఎడం ఉందో చూసుకుని, తర్వాతి ఆవర్తాన్ని ప్రోగ్రాం ఆ వేగంలో నడుపుతుంది. రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇందులో డోలక్ శబ్దం ఒక్కటీ లేదు. స్వరాలే ఉన్నాయి. తాళం మనిషి చేతిలో ఉండాలి, నేను ఆ చేతిని చూస్తూ కాలు తొక్కాలి.

భాయ్‌ని అడగడానికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి గిరాకీలు ఉన్నారు. రెండోసారి, చూద్దాంలే అన్నాడు. మూడోసారి సంగతంతా దాచకుండా చెప్పాను. ఏది ఎలా పనిచేస్తుందో, ఏది రికార్డు అవుతుందో, ఏది కాదో. శ్రద్ధగా విని, "కాలిమీట వైరు ఇంత సన్నగా ఉంటే తెగిపోద్ది" అన్నాడు. మర్నాడు ఇంటికొచ్చాడు.

మొదటి రోజు ఏమీ కుదరలేదు. అతను సహజంగా చరణం చివర కాస్త సాగదీస్తాడు. నా కాలు ఆలస్యమవుతుంది. యంత్రం ఒక ఆవర్తం తర్వాత గాని మారదు. అప్పటికి అతను మామూలు వేగానికి వచ్చేస్తాడు.

"ఇది చానా ఆలస్యంగా అర్థం చేసుకుంటది బావా" అన్నాడు.

"నేను గూడా అంతేగా" అన్నాను. అతను నవ్వలేదు.

రెండు నెలలు ఆదివారాలు కూర్చున్నాం. కొంత కుదిరింది. విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ డిపార్టుమెంటు ఉద్యోగి ఒకాయన రిటైర్మెంటు సభకు ఇద్దరం వెళ్లాం. వంద మంది ఉంటారు. పాత క్వార్టర్ల మధ్య షామియానా. ఎండ ఇంకా దిగలేదు, తెర మీద అక్షరాలు సరిగ్గా కనపడలేదు. మూడో పాటలో భాయ్ వేగం తగ్గించాడు. నేను తొక్కాను, కానీ కాలు ఒక దెబ్బ వెనకపడింది. స్వరాలు ఒకవైపు, డోలక్ ఒకవైపు విడిపోయాయి. ముందు వరసలో వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నా వేళ్లు ఏ అక్షరం మీదికి పోవాలో తెలియక ఆగిపోయాయి.

భాయ్ చేతులు డోలక్ మీదనుంచి తీసేశాడు. యంత్రాన్ని ఒక పూర్తి ఆవర్తం ఒంటరిగా తిరగనిచ్చాడు. నావైపు చూశాడు. చేతివైపు కాదు, ముఖంవైపు. తల చిన్నగా ఊపాడు. ఆవర్తం మొదటికి రాగానే మళ్లీ దరువు మొదలుపెట్టాడు. నేను దాన్ని కాలితో అందుకున్నాను. పాట పూర్తయింది. గొప్పగా లేదు, పడిపోలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు, డోలక్ ఒళ్లో పెట్టుకుని. మాచర్ల దాటాక అడిగాను.

"మీ నాయన దెబ్బ ఈరోజు ఏస్తావనుకున్నాను భాయ్."

"ఎయ్యలేదు."

"ఎందుకని?"

"ఏమో బావా. చెయ్యి పోలేదు."

ఆ తర్వాత ఇద్దరం నాలుగు కచేరీలు చేశాం. ఒక్కదానిలోనూ ఆ దెబ్బ వెయ్యలేదు. మళ్లీ రికార్డు చెయ్యమని అడిగే మొహం నాకు లేదు. నా ముందు దాన్ని వాయించడం మానేశాడో, అసలే మానేశాడో నాకు తెలియదు. అతని కూతురు ఒకసారి మా ఇంటికొచ్చి ఆ కాలిమీట ప్రోగ్రాం చూసి వెళ్లింది. ఆ కాలేజీ కచేరీ గురించి ఎత్తలేదు. ఆమెకు ఇప్పుడు ఎంత తెలుసో నేను అడగలేదు.

నా వేలు అలాగే ఉంది. అప్పుడప్పుడు కీబోర్డు దించి, గుడ్డ తీసి, మూడు స్వరాలు వాయించి చూస్తాను. ముడుచుకుంటుంది. మళ్లీ పైన పెట్టేస్తాను.

వచ్చే ఆదివారం మాచర్లలో ఒక స్కూలు వాళ్లు పిలిచారు. భాయ్‌కి చెప్పాను. మోటార్ల సీజను, చెప్పలేను అన్నాడు. అందుకని ప్రోగ్రాం రెండు రకాలుగా రాస్తున్నాను, అతను వస్తే ఒకటి, రాకపోతే ఒకటి. అతను వస్తే వాడవలసిన రాత పూర్తయింది. రెండోది రోజూ పొద్దున తెరుస్తాను. తాళం ఉండవలసిన చోట ఏం రాయాలో తెలియక, నాలుగు వరసలు రాసి, మూసేస్తున్నాను.